కిడ్నీ మార్పిడికి గుండె పరీక్షలెందుకు?



ఈ శీర్షికలో మేము సాధారణముగా పిల్లల టీకాలు, తాగే నీరు, ఆడవారి రక్తహీనత వంటి ఇంటి సంగతులే వ్రాస్తూ వస్తున్నాము. ఈ నెల ఒక పెద్ద ఆపరేషనును గూర్చి వ్రాయవలసి వచ్చినది. అవయవ మార్పిడి పట్నపువాళ్ల సంగతి, మనకెందుకు అని కొందరు అనుకోవచ్చును. కాని తెల్లవారుజామున మొదటి బస్సు ఎక్కి టౌనుకు డయాలసిస్‌కు వెళ్లి, సాయంకాలము వడలిపోయిన ముఖముతో దిగేవారు ఇప్పుడు మా పల్లెలన్నిటిలోనూ ఉన్నారు. ఒకప్పుడు డయాలసిస్ అన్న మాటే మా పెద్దలకు తెలియదు. ఇప్పుడు ప్రార్థన మనవులలో అది తప్పక వినబడుతున్నది.

మేము వైద్యులము కాము. వేదాంత విద్యలో డిప్లొమా చేసి సంఘ సేవలో ఉన్నవారము. అయితే గత సంవత్సరము మా సంఘములోని ఒక సహోదరుని విషయములో మేము ఒక పొరపాటు చేసియున్నాము. ఆ పొరపాటు వలన నేర్చుకొన్నది ఇక్కడ వ్రాస్తున్నాము. ఆయన పేరు, ఊరు వ్రాయము. ఆయనా, ఆయన భార్యా ఇద్దరూ అనుమతి ఇచ్చిన తరువాతనే ఇది వ్రాస్తున్నాము. "మాలాగ ఇంకొకరు చేయకుండా రాయండి అయ్యగారూ" అని ఆమె తానే అన్నది.

ఆయనకు యాభై రెండేళ్లు. పదిహేనేళ్లుగా షుగరు, దానితోపాటు బి.పి. రెండేళ్లుగా వారానికి రెండుసార్లు డయాలసిస్. భార్య తన కిడ్నీ ఒకటి ఇస్తానని ముందుకు వచ్చినది. బ్లడ్ గ్రూపు కుదిరినది. అరెకరము అమ్మారు. సంఘములో చందా కూడ వేశాము. ఇక తేదీ ఇస్తారని అందరము ఎదురుచూస్తూ ఉండగా, ముందు గుండె పరీక్షలు కావాలని ఆసుపత్రివారు చెప్పారు. ఈ.సి.జి. తీశారు. ఎకో తీశారు. ఇంకొక పరీక్ష కూడా ఉన్నది, గుండె డాక్టరుగారు సరే అనేవరకు తేదీ ఇవ్వము అన్నారు.

ఆ సహోదరి మా ఇంటికి వచ్చి ఏడ్చినది. "పాడైంది కిడ్నీలు కదండీ అయ్యగారూ. బాగున్న గుండెను పట్టుకుని ఈ పరీక్షలేంటండీ? డబ్బులు గుంజడానికి కాకపోతే!" అన్నది. మాకు కూడా అలాగే తోచినది. ఓదార్చి పంపి, మరుసటి ఆదివారము ఆరాధనలో, ఈ కుటుంబమునకు వచ్చిన ఆటంకము తొలగిపోవునట్లు ప్రార్థన చేయండని ప్రకటించాము. అంతటితో ఆగక, మేమే ఆసుపత్రికి వెళ్లి త్వరపెట్టి వస్తామని కూడా మాట ఇచ్చాము.

ప్రయాణమునకు ముందు రోజు రాత్రి ఆ సహోదరుడు ఒక్కడే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత మెల్లగా చెప్పాడు. "చెరువు గట్టు ఎక్కేటప్పుడు గుండె మీద ఎవరో రాయి పెట్టినట్టుంటాదండి. కాసేపు నిలబడితే పోతాది. మూడు నెలల నుంచి. ఇప్పుడు ఇంటి కాడ నుంచి గుడికి వచ్చేసరికే వస్తంది."

"డాక్టరుగారితో చెప్పావా తమ్ముడూ?" అని అడిగాము.

"అడిగారండి. ఏం లేదన్నాను."

డయాలసిస్ దగ్గర పక్క మంచములోని మనిషి ఆయనతో, గుండె సంగతి చెప్పావంటే ఇక ఆపరేషను చేయరు, పక్కన పెట్టేస్తారు అని చెప్పాడట. మా సంఘ పెద్దలలో ఒకరు కూడా, చెప్పకపోవడమే మేలు అని సలహా ఇచ్చారట. అంటే మేము ఆటంకము తొలగించమని ప్రార్థన చేయిస్తూ ఉండగా, ఆ మనిషి తన గుండె నొప్పిని ఛాతీలోనే దాచుకొని మా ప్రార్థనకు ఆమేన్ చెప్పుచున్నాడు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

మరునాడు ఆసుపత్రికి వెళ్లాము. త్వరపెట్టుటకు కాదు, ఆయన నోటితోనే నిజము చెప్పించుటకు. అక్కడి గుండె డాక్టరమ్మగారు విసుగుకొనకుండా విన్నారు. మేము మా అజ్ఞానమును ఒప్పుకొని, కిడ్నీ రోగికి గుండె పరీక్ష ఎందుకమ్మా అని అడిగితే ఆమె నవ్వి, "పాస్టరుగారూ, బండికి కొత్త చక్రం వేసేటప్పుడు మీ ఊళ్లో ఇరుసు చూడకుండా వేస్తారా?" అన్నారు. ఆమె చెప్పినదానిని, ఆ తరువాత మేము అడిగి, చదివి తెలిసికొన్నదానిని కలిపి వ్రాస్తున్నాము.

మొదటి సంగతి. కిడ్నీలు చెడినవారిలో ఎక్కువమంది చనిపోయేది గుండె జబ్బుతోనే. ఇది విని మేము ఆశ్చర్యపోయాము. కిడ్నీలు పనిచేయనప్పుడు ఒంటిలో నీరు, ఉప్పు నిలిచిపోతాయి. ఆ నీటి బరువంతా మోయవలసినది గుండెయే. బి.పి. పెరుగుతుంది. ఆ పోటుకు ఎదురుగా నెట్టి నెట్టి గుండె గోడ మందమెక్కుతుంది. రక్తము తయారుచేయమని ఎముకల మజ్జకు కబురు పంపే పదార్థము కూడా కిడ్నీలోనే పుడుతుంది. అది తగ్గితే రక్తము తగ్గుతుంది, తక్కువ రక్తముతో ఒళ్లంతటికీ ప్రాణవాయువు అందించుటకు గుండె పరుగెత్తవలసి వస్తుంది. ఫాస్ఫరస్ బయటికి పోక, కాల్షియంతో కలిసి రక్తనాళముల గోడలలో పేరుకొంటుంది. నాళములు పాత నీటి గొట్టములవలె గట్టిపడతాయి. ఇక పొటాషియం పెరిగితే గుండె కొట్టుకొనే వరుస తప్పి, ఉన్నట్టుండి ఆగిపోవచ్చును. డయాలసిస్ రోగులకు కొబ్బరినీళ్లు, అరటిపండు వద్దనేది ఇందుకే. మన ఇళ్లలో చుట్టాలు చూడ వచ్చేటప్పుడు తెచ్చేవి ఆ రెండే!

కాబట్టి బాగున్న గుండె అని ఆ సహోదరి అన్న మాట నిజము కాదు. కిడ్నీ చెడిన ప్రతి సంవత్సరమూ గుండె మీద గీత పడుతూనే ఉంటుంది.

రెండవ సంగతి ఆపరేషను. కొత్త కిడ్నీని పాతవాటి చోట పెడతారని మేము అనుకొనేవారము. అలా కాదు. పొత్తికడుపు క్రిందిభాగములో ఒక ప్రక్కన పెట్టి, కాలివైపు వెళ్లే పెద్ద రక్తనాళములకు కలుపుతారు. పాత కిడ్నీలను చాలామందిలో అలాగే వదిలేస్తారు. కలిపిన తరువాత కొత్త కిడ్నీలోకి రక్తము బాగా పారవలెను. అందుకు బి.పి. పడిపోకుండా చూస్తూ సెలైను ఎక్కిస్తారు. బలహీనమైన గుండె ఆ నీటిని తోయలేకపోతే అది ఊపిరితిత్తులలోకి చేరుతుంది. గుండె నాళము ముందే మూసుకొనిపోతూ ఉంటే, ఆపరేషను ఒత్తిడిలో, రక్తము త్వరగా గడ్డకట్టే ఆ మొదటి దినములలో గుండెపోటు రావచ్చును. అప్పుడు రోగి ప్రాణమునకే గండము. దానితోపాటు ఇచ్చిన కిడ్నీ కూడా పోతుంది. భార్య తన శరీరమును కోయించుకొని ఇచ్చినది వ్యర్థమవుతుంది. డాక్టర్లు సంతకమునకు ఆలోచించేది ఆమెను కూడా తలంచియే.

కిడ్నీ నిలిచిన తరువాత కూడా ఈ భయము పూర్తిగా పోదు. శరీరము కొత్త కిడ్నీని త్రోసివేయకుండా వాడే స్టెరాయిడ్లు, టాక్రోలిమస్ వంటి మందులు బి.పి.ని, షుగరును, కొలెస్ట్రాలును పెంచగలవు.

గుండె పరీక్ష అనగానే మనము యంత్రము అనుకొంటాము. మొదటి పరీక్ష సంభాషణయే. మెట్లు ఎక్కగలవా, ఎంత దూరము నడవగలవు, స్నానము నీవే చేస్తావా, ఇంటిలో బరువు పని చేయగలవా అని అడుగుతారు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయము పేరుతో 1989లో వెలువడిన 12 ప్రశ్నల పట్టిక ఒకటి ఇప్పటికీ వాడుకలో ఉన్నది. అన్నీ ఇటువంటి దినచర్య ప్రశ్నలే. ఊరకే కూర్చున్నప్పుడు ఒంటికి కావలసిన ప్రాణవాయువును ఒక కొలతగా పెట్టుకొని దానికి మెట్ అని పేరు పెట్టారు. ఆగకుండా ఒక మేడ మెట్లు ఎక్కుటకు దాదాపు 4 మెట్‌ల శక్తి కావలెను. అంత చేసినా ఆయాసము గాని నొప్పి గాని రానివారి గుండె ఆపరేషనును తట్టుకొనునని కొంత ధైర్యము.

మన ఊళ్లలో మేడలెక్కడివి? కాబట్టి చెరువు గట్టు ఎక్కడము, నిండు బిందె ఎత్తుకొని రావడము, గడ్డిమోపు మోయడము, ఎత్తున్న బాట నడవడము చెప్పండి. "మెట్లు ఎక్కుతావా?" అంటే "మా ఇంటికి మెట్లు లేవండి" అని ఊరుకొంటే డాక్టరుకు ఏమి తెలుస్తుంది? అలాగే, రెండేళ్లుగా ఏ పనీ చేయక మంచము మీదనే ఉన్న మనిషి నాకు నొప్పి లేదు అంటే దానికి అర్థము లేదు. నడవనివానికి నొప్పి ఎలా వస్తుంది? నేను నడవడమే లేదండి అని చెప్పవలెను.

ఇందులో ఇంకొక చిక్కు ఉన్నది. షుగరు చాలాకాలము ఉన్నవారికి కాలిలో ముల్లు గుచ్చుకొన్నా తెలియదని మన అందరికీ తెలుసు. అలాగే గుండెకు సంబంధించిన నరములు మొద్దుబారితే, గుండెకు రక్తము అందకపోయినా నొప్పి తెలియకపోవచ్చును. ఆయాసము, చల్లటి చెమట, వాంతి వచ్చినట్లు ఉండడము, కారణము లేని నీరసము, ఇవే దాని గుర్తులు కావచ్చును. గ్యాసు అని సోడా తాగి పడుకోవద్దు.

ఇక యంత్రములు. ఈ.సి.జి. గుండెలోని విద్యుత్తు వరుసను చూపుతుంది. పాత గుండెపోటు గుర్తులు, వరుస తప్పడము తెలుస్తాయి. కాని ఈ.సి.జి. బాగున్నంత మాత్రాన నాళములు బాగున్నాయని కాదు. ఎకో అంటే శబ్ద తరంగములతో గుండె ఆడుతూ ఉండగానే చూడడము. గుండె తనలో నిండిన రక్తములో ఎంత భాగమును ఒక్క దెబ్బకు బయటికి తోస్తున్నదో శాతముగా చెబుతారు. రిపోర్టులో దానిని ఇ.ఎఫ్. అని వ్రాస్తారు. 55 నుండి 70 వరకు మామూలు. నూటికి 60 అంటే ఫస్టు క్లాసు, 40 అంటే ఫెయిలు అని మా సంఘములో ఒక ఉపాధ్యాయుడు లెక్క కట్టాడు. అది స్కూలు మార్కుల లెక్క కాదు.

ఒంటిలో నీరు నిండి ఉన్నప్పుడు ఎకో తీస్తే గుండె ఉన్నదానికంటె చెడుగా కనబడవచ్చును. కాబట్టి డయాలసిస్ అయి, నీరు తీసివేసి, సరియైన బరువులో ఉన్నప్పుడు తీయడము మంచిది. ఎకోకు వెళ్లేటప్పుడు క్రితము డయాలసిస్ ఎప్పుడు అయినదో చెప్పండి. ఇ.ఎఫ్. తక్కువ వచ్చినా ద్వారము మూసుకొన్నదని అనుకోవద్దు. కిడ్నీ వైఫల్యము వలననే బలహీనపడిన గుండె, మంచి కిడ్నీ వచ్చిన తరువాత కొందరిలో కోలుకొంటుంది. తక్కువ రావడానికి కారణమేమిటి అన్నది డాక్టర్లు తేల్చవలసిన ప్రశ్న.

గుండెను పనిలో పెట్టి చూచేది తరువాతి పరీక్ష. బలము ఉన్నవారిని కదిలే పట్టా మీద నడిపిస్తారు. కిడ్నీ రోగులలో చాలామంది అంత నడవలేరు. వారికి డోబుటమిన్ అనే మందు నరములోకి ఎక్కించి, గుండె వేగమును పెంచి, ఆ సమయములో ఎకోలో ఏ గోడ సరిగా ఆడడము లేదో చూస్తారు. స్కానుతో రక్తము అందని భాగమును చూచే పద్ధతి కూడా ఉన్నది. ఇవి కిడ్నీ రోగులలో కొన్నిసార్లు ఉన్న జబ్బును చూపలేవు, కొన్నిసార్లు లేనిదానిని ఉన్నట్లు చూపుతాయి. కాబట్టి ఒక్క కాగితముతో తీర్పు చెప్పరు.

ఈ పరీక్ష అందరికీ అవసరమా? 2012లో అమెరికాలోని హృద్రోగ వైద్యుల సంఘములు ఒక సూచన చేశాయి. నొప్పి వంటి గుర్తులు లేనివారిలో, షుగరు, పూర్వము గుండె లేక నాళముల జబ్బు, సంవత్సరమునకు మించి డయాలసిస్, గుండె గోడ మందమెక్కడము, 60 దాటిన వయస్సు, పొగ త్రాగడము, బి.పి., కొలెస్ట్రాలు, ఈ ఎనిమిదింటిలో మూడుగాని అంతకంటె ఎక్కువగాని ఉంటే ఇటువంటి పరీక్షను ఆలోచించవచ్చునని దాని సారాంశము. మా సహోదరునికి లెక్కపెట్టి చూస్తే షుగరు, బి.పి., రెండేళ్ల డయాలసిస్, అప్పటికే మూడు అయ్యాయి. చుట్ట మానివేశానంటాడు, నాలుగవది అక్కడ పెడదాము. ఆసుపత్రివారు అడిగినది అన్యాయము కాదని మాకు అప్పుడు అర్థమైనది.

యాంజియోగ్రాం అంటే చేతి లేక తొడ నాళము గుండా సన్నని గొట్టము పంపి, రంగు మందు వదిలి, గుండె నాళములను ఎక్స్‌రేలో చూడడము. ఇంకా డయాలసిస్ మొదలుకానివారికి ఆ రంగు మందు మిగిలిన కిడ్నీ శక్తిని దెబ్బతీయవచ్చును గనుక ఆలోచించి చేస్తారు. ఫిస్టులా ఉన్న చేతిని చూపి, ఈ చేయి వద్దండి అని మీరే గుర్తుచేయండి.

ఇక్కడ ఈ మధ్య కాలములో వచ్చిన మార్పును చెప్పవలెను. గుండెలో ఎక్కడ అడ్డు ఉన్నా వెదకి, స్టెంటు వేసి, అప్పుడు మార్పిడి చేయడము మేలని చాలాకాలము అనుకొన్నారు. 2020లో ఇస్కీమియా-సి.కె.డి. అనే పెద్ద పరిశోధన ఫలితము వెలువడినది. కిడ్నీలు బాగా చెడి, పరీక్షలో గుండెకు రక్తము సరిగా అందడము లేదని తేలిన 777 మందిని తీసికొన్నారు. వారిలో సగానికి పైగా డయాలసిస్ మీద ఉన్నవారే. ఒక గుంపునకు మందులతోపాటు యాంజియోగ్రాం, అవసరమైతే స్టెంటు లేక బైపాస్ చేశారు. రెండవ గుంపునకు ముందుగా మందులు మాత్రమే. మూడేళ్లకు మరణము గాని గుండెపోటు గాని వచ్చినవారు ఒక గుంపులో నూటికి 36.4, మరియొక గుంపులో 36.7. అంటే తేడా లేదనే చెప్పవలెను. 2022లో అమెరికా హృద్రోగ సంఘము మార్పిడికి సిద్ధపడే కిడ్నీ, లివరు రోగులను గూర్చి క్రొత్త ప్రకటన ఇచ్చినది. అందులో కూడా నొప్పి లేని ప్రతివానిలో అడ్డులు వెదకి తెరవడము వలన మేలు అంతగా కనబడడము లేదన్న సంగతి చర్చించారు.

అయితే ఆ 777 మందిలో ఎటువంటివారిని చేర్చలేదో కూడా చూడవలెను. ఎడమవైపు మూలనాళము సన్నబడినవారిని, మందులకు లొంగని నొప్పి ఉన్నవారిని, క్రొత్తగా గుండెపోటు వచ్చినవారిని, గుండె బలము బాగా తగ్గినవారిని చేర్చలేదు. వారి సంగతి వేరు. మీరు ఈ రెండు గుంపులలో ఏ గుంపులో ఉన్నారో డాక్టరుకు తెలియవలసినది ఎక్కడనుండి? చాలా భాగము మీ నోటి మాటనుండే. నొప్పి లేనివాడు లేదని చెబితే అనవసరమైన స్టెంటు తప్పవచ్చును. నొప్పి ఉన్నవాడు లేదని చెబితే ప్రాణము పోవచ్చును. మా పెద్దగారి సలహా రెండవ దానిలోకి నడిపించేది. ఆయనతో ఆ మాట మేము మెత్తగానే చెప్పాము, కాని చెప్పాము.

స్టెంటు వేస్తే రక్తము గడ్డకట్టకుండా రెండు రకముల మాత్రలు కొన్ని నెలలు వాడవలెను. ఆపరేషను కొరకు వాటిని మధ్యలో ఆపితే స్టెంటు మూసుకొనవచ్చును, ఆపకపోతే ఆపరేషనులో రక్తము ఎక్కువ పోవచ్చును. అందువలన స్టెంటు వేసిన వెంటనే సాధారణముగా మార్పిడి చేయరు. కాబట్టి, "అయ్యా, ఇది ఇప్పుడే ఎందుకు వేయాలి? మందులతో చూడవచ్చునా? వేస్తే మా మార్పిడి ఎంతకాలము ఆగుతుంది?" అని మర్యాదగా అడుగుటకు మీకు హక్కు ఉన్నది. అడిగితే కోపగించే డాక్టర్లు తక్కువ. అడగకుండా బయటికి వచ్చి, డబ్బులు గుంజుతున్నారని గొణుగుకొనేవారము మనము ఎక్కువ.

లివరు మార్పిడిని గూర్చి కూడా ఒక సహోదరి అడిగినది గనుక రెండు మాటలు. లివరు చెడినవారిలో రక్తనాళములు వదులై, గుండె కూర్చున్నచోటనే ఎక్కువ పని చేస్తూ ఉంటుంది. ఎకోలో బలముగానే కనబడుతుంది. బలహీనత ఒత్తిడిలో బయటపడుతుంది. కొత్త లివరులోకి రక్తము వదిలిన క్షణమున, చల్లని, పొటాషియం ఎక్కువైన రక్తము ఒక్కసారిగా గుండెను చేరుతుంది. ఆ క్షణమును గుండె దాటవలెను. కొందరిలో ఊపిరితిత్తుల నాళములలో కూడా పోటు పెరిగి ఉంటుంది. ఎకోలో అనుమానము వస్తే మెడనుండి గొట్టము పంపి కొలుస్తారు. ఆ పోటు సగటున 50 దాటి ఉంటే, మందులతో తగ్గించేవరకు మార్పిడి చేయడము చాలా ప్రమాదము.

మన దేశములో తొలి విజయవంతమైన కిడ్నీ మార్పిడి 1971లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రిలో జరిగినది. రైలెక్కి వెల్లూరు వెళ్లివచ్చిన కుటుంబములు మన సంఘములలో ఎన్నో ఉన్నాయి గనుక ఈ మాట చెబుతున్నాము.

గుండె డాక్టరు దగ్గరకు వెళ్లేవారు వాడుతున్న మందుల చీటీలన్నీ, వీలైతే మందుల పట్టీలతో సహా, ఒక సంచిలో తీసుకొని వెళ్లండి. బి.పి. మందులు, రక్తము పలచబరచే మాత్రలు ఆపరేషను ముందు మీ అంతట మీరు ఆపవద్దు, మీ అంతట మీరు మొదలుపెట్టవద్దు. డయాలసిస్ రోగులలో ట్రోపోనిన్ అనే గుండె రక్తపరీక్ష ఎప్పుడూ కొంత ఎక్కువగానే ఉండవచ్చును, ఒక్క అంకె చూచి బెంబేలు పడవద్దు. గంటల తేడాతో అది పెరుగుతున్నదా అన్నదే డాక్టర్లు చూస్తారు. చనిపోయిన దాతల కిడ్నీ కొరకు పేరు నమోదు చేసుకొని ఏళ్ల తరబడి ఎదురుచూచేవారికి ఒకసారి చేసిన గుండె పరీక్ష పాతబడిపోతుంది. మధ్యలో మరల అడిగితే విసుగుకొనవద్దు. కొత్తగా నొప్పి గాని ఆయాసము గాని వస్తే వారు పిలిచేవరకు ఆగక మీరే వెళ్లండి. ఏ పరీక్ష ప్రభుత్వ పథకములో వస్తుందో, ఏది చేతి డబ్బో, ఆసుపత్రిలోని పథకము కౌంటరులో ముందుగానే అడిగి కాగితము మీద వ్రాయించుకోండి.

మా సహోదరుని సంగతి చెప్పి ముగిస్తాము. ఆయన నొప్పి మాట చెప్పిన తరువాత డోబుటమిన్ పరీక్ష కూడా పెట్టుకొనలేదు. నొప్పి దినదినము తక్కువ నడకకే వస్తున్నది గనుక నేరుగా యాంజియోగ్రాం చేశారు. ఎడమవైపు మూలనాళమే సన్నబడి ఉన్నది. అది గుండెలో ఎక్కువ భాగమునకు రక్తము పంపే నాళము. ఈ స్థితిలో కిడ్నీ ఆపరేషను బల్ల ఎక్కియుంటే ఏమయ్యేదో డాక్టరమ్మగారు చెప్పలేదు, మేమూ అడగలేదు. బైపాస్ చేయాలన్నారు. కిడ్నీ రోగికి బైపాస్ కూడా తేలిక కాదని దాచకుండా చెప్పారు. ఆ వారము ఆ ఇంటిలో పొయ్యి వెలగలేదు. కిడ్నీ కొరకు అమ్మిన అరెకరము డబ్బు గుండె దగ్గర ఖర్చవుతుందేమో అని ఆయన తల్లి పగలంతా గోడకానుకొని కూర్చున్నది. భార్య మాత్రము, "మనిషి ఉంటే పొలం, లేకపోతే పొలం ఎందుకత్తా?" అన్నది.

ఆరాధనలో మేము లేచి, రెండు వారముల క్రితము ఆటంకము అని మేము ప్రకటించినది ఆటంకము కాదని, మాకు తెలియక అన్నామని సంఘమునకు చెప్పుకొన్నాము. ముందు వరుసలో కూర్చున్న ఆ పెద్దగారు తల వంచుకొన్నారు. మరుసటి నెల బైపాస్‌కు రక్తము కావలసినప్పుడు అందరికంటె ముందు కొడుకులిద్దరినీ బండెక్కించి పంపినది ఆయనే.

బైపాస్ జరిగి అయిదు నెలలు దాటినది. గాయము మానినది. మళ్లీ వారానికి రెండు రోజులు మొదటి బస్సులో డయాలసిస్‌కు వెళ్లివస్తున్నాడు. నీళ్లు కొలత గ్లాసుతో తాగుతున్నాడు. పోయిన ఆదివారము చెరువు గట్టు మీదుగా గుడికి వచ్చాడు. మధ్యలో ఎన్నిసార్లు నిలబడ్డావు తమ్ముడూ అని అడిగితే, "ఒక్కసారండి, అదీ గేదెలు అడ్డొచ్చి" అన్నాడు. మార్పిడి తేదీ ఇంకా ఇవ్వలేదు. వచ్చే నెలలో మరల ఎకో తీయించుకొని రమ్మన్నారు. అప్పుడు గుండె డాక్టర్లు, కిడ్నీ డాక్టర్లు కలిసి కూర్చొని చూస్తామన్నారు. ఆమె తన కిడ్నీ ఇస్తానన్న మాట మీదనే ఉన్నది, ఆమె గుండెకు కూడా పరీక్షలు అయ్యాయి. కిడ్నీ ఇచ్చేవారికి ఏ పరీక్షలు చేస్తారో, ఇచ్చిన తరువాత పొలము పనికి ఎప్పుడు వెళ్లవచ్చునో వ్రాయమని ఇద్దరు పాఠకులు ఉత్తరములు వ్రాశారు. ఆ సంగతి వచ్చే సంచికలో.